పొదగేసిన గుడ్లు పిల్లలెందుకు కావట్లేదు? పెరటి కోళ్లలో పుంజు, ఎండ, మేత సంగతి

దేవరకొండ వైపు ఊళ్లో ఉండే మా నానీ పోయిన ఏప్రిల్‌లో రెండు పెట్టల కింద కలిపి 24 గుడ్లు పొదగేసింది. 21 రోజులకు లేచిన పిల్లలు ఐదు. మిగిలిన 19 గుడ్లను పెంటకుప్ప మీద పారబోసి, "పుంజు పనికొచ్చేది కాదు, అమ్మి పారెయ్" అని మామూకు చెప్పింది. రెండున్నర కిలోల పుంజు అంగడికి పోయింది. దాని స్థానంలో కొత్త పుంజు వచ్చింది. కొన్ని వారాలాగి మే నెలలో మళ్లీ 12 గుడ్లు పెడితే మూడే పిల్లలు. ఈసారి మిగిలిన తొమ్మిది గుడ్లను పారబోయకుండా ఒక్కొక్కటే పళ్లెంలో పగలగొట్టి చూశాం. ఏడింటిలో పచ్చసొన మీద సన్నటి నెత్తుటి గీత గుండ్రంగా కనిపించింది. అంటే పిండం కట్టింది, కట్టిన రెండు మూడు రోజులకే చచ్చిపోయింది. రెండు గుడ్లు మాత్రమే నిజంగా ఖాళీవి. ఈ లెక్కన అమ్మేసిన పుంజు తప్పు కూడా ఏమీ ఉండకపోవచ్చు.

ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో పెరటి కోళ్లు పెంచే చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. పిల్లలు కాని ప్రతి గుడ్డునూ "మురిగింది" అనే ఒక్క మాటతో తీసేస్తాం. ఉర్దూలో "గందా అండా" అనేస్తాం, అక్కడితో అయిపోతుంది. కానీ పుంజు కలవక ఖాళీగా ఉన్న గుడ్డు వేరు, పిండం కట్టి చచ్చిపోయిన గుడ్డు వేరు. మొదటిదానికి మందు పుంజు దగ్గర ఉంటుంది. రెండోదానికి గుడ్లు దాచిన చోట, పెట్ట తిన్న మేతలో, ఎండలో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేస్తే డబ్బు పోతుంది, రోగం అలాగే ఉంటుంది.

నష్టం ఎంత అనేది బీకాం చదివినవాడిగా ఒకసారి లెక్కేసి చూశాను. పొదుగు చెడితే 12 గుడ్ల ఖరీదు పోయిందనుకుంటాం. అసలు నష్టం అది కాదు. నాటు పెట్ట ఒక విడతలో 10 నుంచి 15 గుడ్లు పెడుతుంది, తర్వాత మూడు వారాలు పొదుగుతుంది, ఆ తర్వాత పిల్లలను వెంటేసుకుని రెండు నెలలు తిరుగుతుంది. ఇలా ఏడాదికి మూడు నాలుగు విడతలే వస్తాయి. అందుకే ఒక పొదుగు చెడిందంటే ఆ పెట్ట ఏడాది సంపాదనలో పావు వంతు పోయినట్టే. మగవాళ్లు హైదరాబాద్, ముంబై పనులకు పోయి, ఇంటి దగ్గర ఆడవాళ్లు కోళ్ల మీద వచ్చే డబ్బుతో పిల్లల స్కూల్ ఆటో కిరాయి, కరెంటు బిల్లు కట్టుకునే ఊళ్లలో ఇది చిన్న మొత్తం కాదు.

ఖాళీ గుడ్డా, చచ్చిన గుడ్డా?

పొదగేయక ముందే చూసుకునే పద్ధతి ఒకటుంది. దానికి ఖర్చేమీ లేదు. వంటకు వాడే నాటు గుడ్లను నేరుగా గిన్నెలో కొట్టకుండా, ముందు పళ్లెంలో కొట్టండి. పచ్చసొన మీద ఒక తెల్లటి చుక్క ఉంటుంది. పుంజు కలవని గుడ్డులో ఆ చుక్క చిన్నగా, గట్టిగా, అంచులు వంకర టింకరగా కనిపిస్తుంది. కలిసిన గుడ్డులో చుక్క కొంచెం పెద్దదిగా ఉండి, మధ్యలో పలచగా, చుట్టూ తెల్లటి గీతతో చిన్న రింగులా ఉంటుంది. నాలుగైదు గుడ్లు చూస్తే కన్ను అలవాటు పడిపోతుంది. వారం రోజుల్లో వంటకు కొట్టిన పది గుడ్లలో ఎనిమిది తొమ్మిదింటికి రింగు ఉంటే మీ పుంజు బాగా పనిచేస్తున్నట్టు. మూడు నాలుగింటికే ఉంటే పుంజు సంగతి చూడాలి. గుడ్లు కూరలోకే పోతాయి కాబట్టి వృథా అయ్యేది కూడా ఏమీ లేదు.

రెండో పరీక్ష పొదుగు మొదలైన ఏడో రోజు రాత్రి. అట్టపెట్టె మూతకు గుడ్డు కంటే చిన్న రంధ్రం చేసి, కింద ఫోన్ టార్చ్ పెట్టి, గుడ్డు లావు వైపును రంధ్రం మీద ఆనించండి. లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క కదులుతూ కనిపిస్తే పిండం బతికే ఉంది. వెలుగు అడ్డం లేకుండా మొత్తం పసుపుగా కనిపిస్తే ఖాళీ గుడ్డు. నరాలు లేకుండా ఒక నెత్తుటి రింగు మాత్రమే కనిపిస్తే మొదటి రోజుల్లోనే చచ్చిపోయింది. గోధుమ రంగు పెంకు ఉన్న గుడ్లలో ఇది అంత తేలిగ్గా కనిపించదు, గది బాగా చీకటిగా ఉండాలి. ఖాళీవి, చచ్చినవి అప్పుడే తీసేస్తే పెట్ట వేడి మిగతా గుడ్లకు బాగా తగులుతుంది. కుళ్లిన గుడ్డు పగిలి మిగతావాటిని పాడుచేసే బాధ కూడా ఉండదు.

21 రోజుల తర్వాత మిగిలిన గుడ్లను కూడా పగలగొట్టి చూడాల్సిందే. వాసన వస్తుంది, ముక్కు మూసుకునైనా చూడండి. పిల్ల ఏ దశలో ఆగిపోయిందో అదే కారణం చెబుతుంది. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఆగితే గుడ్లు ఎక్కువ రోజులు దాచారు, లేదా వేడిలో దాచారు. ఒకటి రెండు వారాల మధ్య, చిన్న పిల్ల ఆకారం వచ్చాక ఆగితే పెట్ట మేతలో విటమిన్లు తక్కువ. ఇందులో ముఖ్యంగా అనుమానించాల్సింది బీ2. ఈక వచ్చి, ముక్కు కూడా వచ్చి, చివరి మూడు రోజుల్లో పెంకులోనే చస్తే పొడి గాలి, పెట్ట గూడు వదిలి పోవడం, గుడ్లు మరీ ఎక్కువై అంచుల్లోవి చల్లబడడం లాంటివి చూసుకోవాలి.

పుంజు కథ

నాటు కోళ్లకు ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు చాలు. అసీల్ లాంటి బరువైన జాతికైతే ఐదారు పెట్టలకే ఒకటి పెట్టాలి. (అసీల్ అనే మాట అరబీ నుంచి ఉర్దూ మీదుగా మన ఊళ్లదాకా వచ్చింది. మేలు జాతిది, అసలైనది అని అర్థం.) పుంజులు మరీ ఎక్కువైనా చేటే. ఒకదాన్ని ఇంకొకటి తరుముతూ ఏదీ సరిగ్గా కలవనివ్వవు. పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోయి బోసిగా కనిపిస్తే పుంజులు ఎక్కువయ్యాయని గుర్తు.

ఒకసారి పుంజు కలిశాక పెట్ట తన కడుపులో ఆ బీజాన్ని రెండు వారాల వరకు, కొన్నిసార్లు ఇంకొంచెం ఎక్కువ రోజులు దాచుకుంటుంది. రోజూ కలవనక్కర్లేదు. మన దగ్గర జరిగే పెద్ద పొరపాటుకు మూలం ఇక్కడే ఉంది. బోనాలకో, దసరాకో, ఈద్‌కో ధర బాగా పలుకుతుందని పుంజును అమ్మేస్తాం. తర్వాత వారం పది రోజులు పెట్టిన గుడ్లు బాగానే పిల్లలవుతాయి. "పుంజు లేకపోయినా అవుతున్నాయి కదా" అనుకుంటాం. మూడో వారం నుంచి గుడ్లు ఖాళీ అవుతాయి, అప్పటికి పుంజు సంగతి ఎవరికీ గుర్తుండదు. దీనికి ఎదురు వైపు కూడా ఉంది. మేలు జాతి పుంజు తెచ్చి వదిలిన మూడు నాలుగు రోజుల నుంచే దాని పిల్లలు రావచ్చు గానీ, పాత పుంజు బీజం పూర్తిగా పోయిందని నమ్మకంగా చెప్పాలంటే మూడు వారాలు ఆగాలి. అప్పటిదాకా పెట్టిన గుడ్లు కూరకు వాడుకోవడమే మంచిది.

పండక్కి అమ్మేటప్పుడు ఇంకో నష్టం కూడా జరుగుతోంది. ఎత్తుగా, బరువుగా, రంగు బాగున్న పుంజుకే బేరం వస్తుంది కాబట్టి అదే పోతుంది. ఎవరూ కొనని బక్క పుంజు ఇంట్లో మిగిలి ఊరి కోళ్లన్నిటికీ తండ్రి అవుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే అమ్ముకుంటూ పోతే మంద చిన్నదైపోతుంది, గుడ్లు తగ్గుతాయి. మంచి పుంజును ఆపుకుని రెండో రకం వాటిని అమ్మాలంటే చేతిలో డబ్బు ఉండాలి కదా అంటారు. నిజమే. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి ఒక మంచి పుంజును ఆపుకుంటే భారం తగ్గుతుంది.

అదే పుంజు తన కూతుళ్లతో, మనవరాళ్లతో కలుస్తూ పోతే పిండాలు బలహీనమై గుడ్లలోనే చస్తాయి. ఏడాదికో, మహా అయితే రెండేళ్లకో పుంజు మారాలి. కొనక్కర్లేదు. పక్క ఊరి ఖాలా ఇంటి పుంజుకు మన పుంజును మార్చుకుంటే రెండిళ్ల సమస్యా తీరుతుంది. రెండేళ్లు దాటిన పుంజులో ఎలాగూ జోరు తగ్గుతుంది.

దొంగల భయంతో పుంజు కాలికి తాడు కట్టి గుంజకు కట్టేసే ఇళ్లు చాలా ఉన్నాయి. కోళ్లు ఎక్కువగా కలిసేది సాయంత్రం పూట. పగలు కట్టేసినా మూడు గంటల తర్వాత నుంచి గూటికి చేరేదాకా వదిలేయండి. ఇక వేసవిలో 40 డిగ్రీలు దాటితే ఎంత మంచి పుంజైనా నోరు తెరిచి ఒగరుస్తూ నీడన కూర్చుంటుంది. బీజం కూడా పలచబడుతుంది. ఎండలు తగ్గిన కొన్ని వారాలకు మళ్లీ మామూలవుతుంది. మే నెలలో చూసిన పనితనాన్ని బట్టి పుంజును అమ్మేయొద్దు.

షాపులో కొన్న ఫారం గుడ్లు పొదగేసి ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లేయర్ ఫారాల్లో పుంజులే ఉండవు. ఆ గుడ్డు ఎన్ని రోజులు పొదిగినా పిల్ల కాదు.

ఎండలో గుడ్డు

మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ గుడ్లు చెడేది ఇక్కడే. గుడ్డు లోపల పిండం సుమారు 20, 21 డిగ్రీలు దాటితే కదలడం మొదలుపెడుతుంది. సరిగ్గా పెరగాలంటే 37, 38 డిగ్రీలు నిలకడగా కావాలి. ఈ రెండింటి మధ్య వేడి దానికి శాపం. బతికే ఉంటుంది, పెరగడం మొదలుపెడుతుంది, సరిపడా వేడి అందక నీరసించి చస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు చల్క భూముల ఊళ్లలో రేకుల ఇంట్లో గది వేడి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. అలాంటి గదిలో అటక మీద బుట్టలో పదిహేను రోజులు దాచిన గుడ్లను పెట్ట కింద పెడితే, వాటిలో చాలావరకు అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. మా నానీ గుడ్లలో కనిపించిన నెత్తుటి రింగులకు కారణం ఇదే అయి ఉండాలి. మొదటి గుడ్డు పెట్టిన రోజు నుంచి పొదగేసిన రోజు దాకా ఆమె 16 రోజులు దాచింది.

పొదుగుకు దాచే గుడ్లకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం, కొంచెం తేమ ఉంటే వారం రోజులు బాగుంటాయి. మన ఇళ్లలో అంత చల్లదనం చలికాలంలో తప్ప దొరకదు. అందుకని చలికాలంలో ఏడు రోజులు, వానాకాలంలో ఐదారు రోజులు, ఎండాకాలంలో మూడు రోజులు మించి దాచొద్దు. ఒకే పెట్ట గుడ్లు అన్ని రోజుల్లో పన్నెండు రావు. అయితే చివరగా పెట్టిన గుడ్లే పెట్టండి, ముందువి తినేయండి. రెండు మూడు పెట్టలుంటే వాటి తాజా గుడ్లు కలిపి పొదుగుకొచ్చిన పెట్ట కింద పెట్టండి. గుడ్డు పెట్టిన రోజే పెన్సిల్‌తో తేదీ రాస్తే గందరగోళం ఉండదు. పెన్నుతో వద్దు, సిరా పెంకులోకి ఇంకుతుంది.

దాచడానికి ఒక పాత పద్ధతే మంచిది. వెడల్పు తొట్టిలోనో, నేల మీద గుంటలోనో ఇసుక పోసి తడపాలి, అందులో మట్టికుండ సగం దాకా దించాలి. కుండ లోపల పొడి గుడ్డ లేదా ఊక వేసి గుడ్లు పెట్టి, మూతి మీద పలచటి గుడ్డ కట్టి, ఇసుకను రోజూ రెండు పూటలా తడపాలి. బయటి గది కంటే కుండ లోపల బాగా చల్లగా ఉంటుంది. తాగే కుండనీళ్లు చల్లబడే లెక్కే ఇది. సన్నటి వైపు కిందికి, లావు వైపు పైకి ఉండేలా పెట్టాలి. గుడ్లను కడగొద్దు, పెంకు మీద ఉండే సన్నటి పొర పోయి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. రెట్ట అంటుకుంటే పొడిగుడ్డతో తుడవండి, మరీ మురికైనదాన్ని పక్కన పెట్టండి. ఫ్రిజ్ లోపలి చలి పొదుగు గుడ్లకు మరీ ఎక్కువ.

నాటు పెట్ట కింద 10 నుంచి 12 గుడ్లు చాలు. గంపను చీకటిగా, గాలి తగిలే మూలన పెట్టండి. అడుగున ఇసుకో మట్టో కొద్దిగా పోసి, పైన గడ్డి వేసి, పేలు పట్టకుండా పొయ్యి బూడిద చల్లండి, ఎండిన వేపాకు కలపండి. పేలు పడితే పెట్ట గూడు వదిలి లేచిపోతుంది. రోజుకు ఒక్కసారి పావుగంట, ఇరవై నిమిషాలు లేపి మేత, నీళ్లు పెట్టి, బూడిదలో పొర్లనిచ్చి మళ్లీ కూర్చోబెట్టాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంప చుట్టూ నేల మీద నీళ్లు చల్లితే గాలి పొడితనం తగ్గుతుంది.

మా ఊళ్లో ఉరుములు ఉరిమితే గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుప మేకు పెడతారు. మేకు వల్ల నష్టం లేదు. వానకు గంప తడవకుండా చూసుకుంటే మాత్రం లాభం ఉంటుంది. మొనదేలిన గుడ్డు పుంజు అవుతుంది, గుండ్రటిది పెట్ట అవుతుంది అనేది వట్టి మాట. ఆకారం చూసి ఏరితే పెట్టలేమీ ఎక్కువ రావు.

మేతలో ఏముండాలి

తినడానికి పనికొచ్చే గుడ్డుకూ, పిల్లకు పనికొచ్చే గుడ్డుకూ తేడా ఉంది. గింజలు మాత్రమే తిన్న పెట్ట కూడా గుడ్లు పెడుతుంది, మనం తింటే బాగానే ఉంటాయి. కానీ 21 రోజుల పాటు లోపలి పిల్లకు బయటి నుంచి ఏమీ అందదు. కావాల్సిన మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ తల్లి ముందే గుడ్డులో పెట్టి పంపాలి. తల్లి దగ్గర లేనిది పిల్లకూ ఉండదు. పుట్టిన పిల్లల కాలివేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడుస్తుంటే అది బీ2 లోపానికి గుర్తు. అలాంటి పిల్లలు ఒకటి రెండు కనిపించినా, పెంకులోనే చచ్చినవి ఇంకొన్ని ఉంటాయని అనుకోవాలి.

వానాకాలంలో కోడి బయట తిరిగి పురుగులు, మిడతలు, పచ్చి గడ్డి తానే ఏరుకుంటుంది. అందుకే ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా పొదుగులు మనం ఏం చేసినా చేయకపోయినా బాగుంటాయి. జనవరి తర్వాత చేలు ఎండిపోతాయి, పురుగు ఉండదు, ఆకు ఉండదు. అప్పుడు కూడా పిడికెడు వడ్లు, నూకలు వేసి సరిపెడతాం. జొన్న, సజ్జ, మొక్కజొన్న, నూకలు కడుపు నింపుతాయి, వాటిలో మాంసకృత్తులు సరిపడా ఉండవు. గుడ్లు పెట్టే పెట్టకు మేతలో 16 శాతం దాకా కావాలి.

ఇంట్లో కలుపుకునే మేతకు ఒక లెక్క చెబుతాను. జొన్న లేదా మొక్కజొన్న నూక ఐదున్నర కిలోలు, తవుడు కిలోన్నర, వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క కిలో 700 గ్రాములు, ఉప్పు పట్టని ఎండుచేపల పొడి 400 గ్రాములు, పశువుల మందుల షాపులో దొరికే కోళ్ల ఖనిజ మిశ్రమం 200 గ్రాములు. మొత్తం తొమ్మిది కిలోల 300 గ్రాములు అవుతుంది. బయట తిరిగే పెట్టకు సాయంత్రం గూటికి వచ్చేముందు 40 నుంచి 50 గ్రాములు, అంటే ఒక గుప్పెడు చాలు. గుడ్లు దాచడం మొదలుపెట్టడానికి కనీసం మూడు వారాల ముందు నుంచి పెట్టాలి. ఈ రోజు తిన్నది రేపటి గుడ్డులోకి రాదు. పుంజుకూ ఇదే మేత పెట్టండి, అది మేత దగ్గర పెట్టలను పిలిచి తాను తక్కువ తింటుంది.

సున్నపు పదార్థాన్ని మాత్రం మేతలో కలపొద్దు, విడిగా ఒక మూకుడులో పెట్టండి. పెంకు కట్టడానికి పెట్టకు చాలా కాల్షియం కావాలి, పుంజుకు అంత పనికిరాదు. విడిగా ఉంటే పెట్టే తనకు కావాల్సినంత తింటుంది, ముఖ్యంగా సాయంత్రం పూట. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులను పెనం మీద వేయించి నలిపి వేయవచ్చు, నత్తగుల్లలు దంచి వేయవచ్చు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లకైతే సున్నపురాయికి కొదవే లేదు, ఆ ప్రాంతంలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందే దాని మీద. గోధుమగింజంత ముక్కలుగా కొట్టి పెట్టాలి. బట్టీలో కాల్చిన సున్నం పొరపాటున కూడా పెట్టొద్దు, నోరు, పేగులు కాలిపోతాయి.

ఆకుకు డబ్బు ఖర్చు లేదు. మునగాకు ప్రతి ఊళ్లో ఉంటుంది. తోటకూర, పాలకూర కాడలు, లూసర్న్ ఏది దొరికినా రోజూ కట్టగా కట్టి కోడి ముక్కుకు అందే ఎత్తులో వేలాడదీయండి. నేల మీద వేస్తే తొక్కి వదిలేస్తాయి. విటమిన్ ఏ, బీ2, ఈ లాంటివి ఎక్కువగా ఆకుల నుంచే అందుతాయి. మొలకలు కూడా మంచివే. సజ్జలు, గోధుమలు, పెసలు నానబెట్టి మొలక రాగానే వేయండి. జొన్న మొలక వద్దు. లేత జొన్నలో విషం ఉంటుందని పశువులున్న ప్రతి రైతుకూ తెలుసు, కోడికీ అంతే.

పురుగు కోసం మా తాత ఒక పని చేసేవారట. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి కుక్కి, సాయంత్రం చెదల పుట్ట దగ్గర బోర్లించి వచ్చేవారు. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. దులిపితే కోళ్లు ఎగబడి తినేవి. పుట్టిన పిల్లలకు దీనికంటే మంచి మేత ఊళ్లో దొరకదు. ఇప్పుడు చాలాచోట్ల అజొల్లా పెంచమంటున్నారు. పెంచవచ్చు. నీడ, నీళ్లు ఉంటేనే ఎండాకాలంలో నిలబడుతుంది, పైగా అందులో ఎక్కువ భాగం నీరే కాబట్టి అదొక్కటే వేస్తే సరిపోదు.

ఇక పెట్టకూడనివి. పాలమూరు, నల్గొండ రెండూ పాతకాలం నుంచి ఆముదం పండే జిల్లాలు. ఆముదం చెక్క చేనుకు ఎరువు, కోడికి విషం. ఆ బస్తాలు కోళ్లు తిరిగే చోట ఉంచొద్దు, ఆముదం గింజలు ఆరబోసిన కళ్లంలోకి వదలొద్దు. పత్తి గింజల చెక్క బర్రెలకు పెడతాం, దాన్నే కోళ్లకూ వేస్తుంటారు కొందరు. అందులో గాసిపాల్ అనే పదార్థం పుంజు బీజాన్ని దెబ్బతీస్తుంది, గుడ్డు పచ్చసొన రంగు మారుతుంది, పిల్లలు తగ్గుతాయి. వనపర్తి, గద్వాల వైపు వేరుశనగ చెక్క చవకగా దొరుకుతుంది, మంచి మేత కూడా. అయితే బూజు పట్టినది, చేదు వాసన వచ్చేది వద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని పాడుచేసి గుడ్లు, పిల్లలు రెండూ తగ్గిస్తుంది. ఎండబెడితే బూజు కనిపించకుండా పోతుంది గానీ విషం పోదు. వానకు తడిసిన మొక్కజొన్నకూ ఇదే మాట.

నీళ్ల విషయంలో మా జిల్లా వాళ్లు ముందు ఫ్లోరైడ్ గురించి అడుగుతారు. కోళ్ల దగ్గర అంతకంటే ముందు చూడాల్సింది ఉప్పదనం. ఉప్పు బోరు నీళ్లు తాగిన పెట్టల గుడ్ల పెంకు పలచబడుతుంది. ఇంట్లో తాగే భగీరథ నీళ్లే కోళ్లకూ పోస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి. వేసవిలో మట్టి పాత్రలో, నీడలో, రోజుకు మూడు నాలుగుసార్లు మార్చి పోయాలి. మేత పొద్దున్నే, సాయంత్రమే పెట్టాలి. మధ్యాహ్నం ఎండలో కోడి తినదు.

నెత్తుటి చుక్క ఉన్న గుడ్డు

మన ఇళ్లలో తరచూ వచ్చే సందేహం ఇది. గుడ్డు కొట్టగానే పచ్చసొన మీద చిన్న ఎర్రటి చుక్క కనిపిస్తే "పిల్ల కడుతోంది, తినకూడదు" అని మొత్తం పారేస్తారు. తాజా గుడ్డులో కనిపించే ఆ చుక్క పిల్లకు గుర్తు కాదు. పచ్చసొన తయారయ్యే చోట సన్నటి రక్తనాళం చిట్లితే ఆ చుక్క పడుతుంది. పుంజే లేని ఫారం గుడ్లలో కూడా కనిపిస్తుంది. చుక్కను తీసి వాడుకోవచ్చా, మొత్తం పారేయాలా అనేది మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి. ఏడో రోజు పరీక్షలో ఖాళీ అని తేలిన గుడ్లు వారం పాటు వేడిలో ఉన్నవి. వాటిని తాజా గుడ్లలో కలిపి అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమే.

వనరాజా, గ్రామప్రియ తెచ్చుకుంటే

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. అక్కడే ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది రాజశ్రీ. నాటు పెట్ట ఏడాదికి 40 నుంచి 60 గుడ్లు పెడితే వనరాజా పెరట్లో సుమారు 100, గ్రామప్రియ 160 దాటి పెడతాయి. ఇవి దాదాపు పొదుగుకు రావు. వీటి గుడ్లు నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు చేయించవచ్చు గానీ, ఇవి సంకర రకాలు. వీటికి పుట్టిన పిల్లల్లో తల్లి గుణాలు అంతగా నిలవవు, గుడ్ల సంఖ్య తగ్గుతుంది. గుడ్లు అమ్ముకోవడానికి ఈ పిల్లలను కొత్తగా కొనుక్కోవడం, పొదుగుకు, మందకు నాటు పెట్టలను ఆపుకోవడం నాకు సబబుగా అనిపిస్తోంది. అసీల్ మీద మక్కువ ఉన్నవాళ్లకు అదే సంస్థ మెరుగుపరిచిన వనశ్రీ కూడా ఉంది.

చిన్న మిషన్‌లో పొదగేసేవాళ్లు ఇప్పుడు పెరిగారు. ఫ్యాన్ ఉన్న మిషన్‌లో 37.5 డిగ్రీలు ఉంచాలి, 18వ రోజు దాకా రోజుకు మూడు నుంచి ఐదు సార్లు గుడ్లు తిప్పాలి, ఆ తర్వాత తిప్పడం ఆపి తేమ పెంచాలి. కరెంటు పోయే ఊళ్లో ఇన్వర్టర్ లేకుండా మిషన్ కొనొద్దు. నాటు పెట్టకు ఆ ఖర్చు లేదు.

టీకా లేకపోతే

ఇంత చేసి వచ్చిన పిల్లలను కొక్కెర తెగులు ఒక్క వారంలో ఊడ్చేస్తుంది. ఏడో రోజు లోపల కంట్లో లసోటా లేదా ఎఫ్1 చుక్క, నాలుగో వారంలో లసోటా మళ్లీ, ఎనిమిదో వారంలో చర్మం కింద ఆర్2బీ వేయించాలి. టీకా సీసాలో చాలా డోసులు ఉంటాయి, తెరిచాక దాచడం కుదరదు. వాడకట్టులో అందరూ ఒకే రోజు పెట్టుకుంటే ఖర్చు కోడికి రూపాయల్లోనే తేలుతుంది. పిల్లలు మొదటి వారంలోనే తెల్లగా పారి చస్తుంటే ఆ రోగం తల్లి నుంచి గుడ్డు ద్వారా కూడా రావచ్చు. డాక్టర్ చూసేదాకా ఆ పెట్ట గుడ్లు పొదగేయొద్దు.

సలహా కోసం మండల పశువైద్యశాలతో పాటు కృషి విజ్ఞాన కేంద్రాలకు వెళ్లవచ్చు. నల్గొండ జిల్లాలో కంపాసాగర్, సూర్యాపేట వైపు గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్ వైపు పాలెం, వనపర్తి వైపు మదనాపురంలో ఇవి ఉన్నాయి. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయాలి. పోయేటప్పుడు పొదగని గుడ్లు రెండు మూడు, వేసే మేత ఒక పిడికెడు సంచిలో పట్టుకుపోతే మాట తొందరగా తేలుతుంది.

మా నానీ వానలు పడ్డాక, సెప్టెంబర్‌లో, ఐదు రోజుల లోపు గుడ్లు 11 ఏరి పెట్టింది. తొమ్మిది లేచాయి. పుంజు అదే, మేలో తిట్లు తిన్న కొత్త పుంజు.